పేరు రాసిన రేకు ముక్క

బొటానికల్ గార్డెన్ చూసి బయటికొచ్చేవాళ్లలో చాలామందికి ఒక సందేహం మిగిలిపోతుంది. చెట్లున్నాయి, నీడ ఉంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి. ఇవన్నీ మునిసిపాలిటీ పార్కులోనూ ఉంటాయి. ఇక్కడ అదనంగా కనిపించేదల్లా ప్రతి చెట్టుకూ తగిలించిన రేకు ముక్క, దాని మీద నోరు తిరగని లాటిన్ పేరు. ఆ మాత్రానికి దీన్ని వేరే పేరుతో పిలవాలా? తోట విశ్వవిద్యాలయానిదైతే ఈ సందేహం మరింత గట్టిపడుతుంది. వృక్షశాస్త్రం ఇవాళ డీఎన్ఏ చదివే యంత్రాల దగ్గర, కంప్యూటర్ల ముందు నడుస్తోంది కదా. నగరంలో ఎకరాలకు ఎకరాలు తోటకు వదిలేసి, తోటమాలులకు జీతాలిచ్చి, పైగా అందులోకి ఊళ్లోవాళ్లను, బడిపిల్లలను రానివ్వడం దేనికి? అది చదువా, సేవా, పాతకాలపు షోకా?

చదువు చెప్పడానికి పెంచే తోట ఒక శాస్త్ర పరికరం అన్నది ఈ అధ్యాయంలో చేయబోయే వాదన. అది చేసే పని పోల్చి చూపడం. మొక్కను మరో మొక్క పక్కన, ఒక కొండ మీది చెట్టును ఇంకో కొండ మీది చెట్టు పక్కన, ఈ ఏటి పూతను వందేళ్ల కిందటి పూత పక్కన పెట్టడం. జనం లోపలికి రావడం కూడా ఆ పరికరం పనితీరులో భాగమే. దీనికి సాక్ష్యాలు చాలాచోట్ల దొరుకుతాయి గాని, ఎక్కువగా ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ఉద్యానం నుంచే తీసుకుందాం. దాని చరిత్ర బాగా నమోదై ఉంది. దాని మీద వచ్చే అభ్యంతరాలు కూడా బలమైనవే.

రేకు ముక్క మీది అంకె

విశ్వవిద్యాలయాలు తోటలు పెట్టడానికి మూలకారణం మందుల కల్తీ. పదహారో శతాబ్దపు ఇటలీలో వైద్యం చదివే కుర్రాళ్లు మూలికల గురించి ప్రాచీన గ్రీకుల గ్రంథాల్లో చదువుకునేవారు. మూలికను మాత్రం అంగట్లో ఎండిన వేరుగానో పొడిగానో చూసేవారు. ఏది అసలో ఏది నకిలీయో అమ్మేవాడికే తెలియని పరిస్థితి. వేరు మారితే రోగి ప్రాణం పోతుంది. పాదువా విశ్వవిద్యాలయంలో మూలికల పాఠం చెప్పే ఫ్రాన్సెస్కో బొనాఫెదే బతికున్న మొక్కల్ని విద్యార్థులకు చూపించాలని పట్టుబట్టాడు. ఆయన కోరిక మీద 1545లో వెనిస్ రిపబ్లిక్ ఒక తోటకు అనుమతి ఇచ్చింది. పుట్టినచోటే ఇప్పటికీ నిలిచి ఉన్న విశ్వవిద్యాలయ తోటల్లో అదే అన్నిటికన్నా పాతది. అందులో పెరిగే మూలికలకు గిరాకీ ఎంతంటే రాత్రిపూట దొంగలు పడేవారు. 1552లో చుట్టూ గుండ్రటి గోడ కట్టాల్సి వచ్చింది. అక్కడ 1585లో నాటిన ఒక తాటి జాతి మొక్క ఇప్పటికీ ఉంది. దాని ఆకులు లేతగా ఉన్నప్పుడు ఒక ఆకారంలో, ముదిరేకొద్దీ ఇంకో ఆకారంలో ఉండడం 1786లో జర్మన్ కవి గేథే గమనించాడు. మొక్కలోని అవయవాలన్నీ ఒకే మూలరూపానికి మార్పులేమోనన్న ఆలోచనకు అది ఒక ఊతమైంది.

రేకు ముక్క అవసరం మొదట పుట్టింది అక్కడే. ఈ మొక్క ఫలానాదే అని ఒకరు పూచీ పడాలి. అయితే నేటి విశ్వవిద్యాలయ తోటలో ఆ రేకు ముక్క మీద లాటిన్ పేరుకన్నా విలువైనది ఇంకొకటి ఉంటుంది. పేరు కింద చిన్నగా ఒక అంకె కనబడుతుంది. దాన్ని దాఖలా సంఖ్య అనవచ్చు, అక్కడివాళ్ల మాటలో యాక్సెషన్ నంబర్. ఆ అంకె పట్టుకుని రిజిస్టరు తీస్తే ఆ మొక్క విత్తనంగా వచ్చిందా, కొమ్మగా వచ్చిందా, ఏ కొండ మీద ఏ ఏడు ఎవరు సేకరించారు, ఎవరి తోట నుంచి మారింది, ఎప్పుడు నాటారు అన్నీ తెలుస్తాయి. లాటిన్ పేరు రేపు మారవచ్చు, శాస్త్రజ్ఞులు మాటిమాటికీ మారుస్తూనే ఉంటారు. పుట్టుచోటు మారదు. పుట్టుచోటు తెలియని చెట్టు నీడనిస్తుంది, పూలిస్తుంది, కానీ శాస్త్రానికి సాక్ష్యం చెప్పలేదు. పార్కుకూ బోధనా ఉద్యానానికీ ఉన్న అసలు తేడా మట్టి మీద కాదు, ఆఫీసు గదిలోని ఆ రిజిస్టరులో ఉంది.

రెండు పైన్ చెట్లు

కేంబ్రిడ్జిలో మొదటి తోటను 1762లో ట్రినిటీ కాలేజీకి చెందిన రిచర్డ్ వాకర్ పెట్టించాడు. ఊరి మధ్యలో అయిదెకరాలు, మందుమొక్కల కోసం. 1825లో వృక్షశాస్త్ర ఆచార్యుడైన జాన్ స్టీవెన్స్ హెన్స్‌లోకి అది ఏమాత్రం చాలలేదు. మందుగా పనికొచ్చినా రాకపోయినా మొక్కను మొక్కగానే చదవాలన్నది ఆయన పట్టు. ముఖ్యంగా చెట్లు కావాలి, చెట్లకు జాగా కావాలి. 1831లో విశ్వవిద్యాలయం ఊరి శివార్లలో 40 ఎకరాలు సంపాదించింది. డబ్బు చాలక అందులో సగమే తోటగా వేసి 1846లో జనానికి తెరిచారు. మిగతా సగం తోటలో కలవడానికి ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా, రెజినాల్డ్ కోరీ అనే దాత వదిలివెళ్లిన ఆస్తి దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తోటలో హెన్స్‌లో ఆలోచన కళ్లకు కట్టేచోటు ఒకటుంది. ప్రధాన బాట పక్కన నల్ల పైన్ చెట్లు ఉంటాయి. ఒకటి ఆస్ట్రియా వైపుది, ఇంకొకటి పిరనీస్ పర్వతాల వైపుది. పేరుకు రెండూ ఒకే జాతి. ఆకారం చూస్తే వేరువేరు చెట్లేమో అనిపిస్తాయి. ఒక చెట్టే నాటి ఉంటే చూసినవాడు నల్ల పైన్ అంటే ఇలా ఉంటుందని నేర్చుకుని వెళ్లిపోయేవాడు. రెండూ ఉండడంతో వేరే ప్రశ్న పుడుతుంది: ఒకే జాతిలో ఇంత తేడా ఉంటే, జాతికి హద్దు ఎక్కడ? ఈ తేడానే రకభేదం అందాం, శాస్త్రజ్ఞులు వేరియేషన్ అంటారు.

హెన్స్‌లో దీన్ని కాగితాల మీదా చేశాడు. బ్రిటన్ మొక్కల్ని ఎండబెట్టి అట్టల మీద అంటించేటప్పుడు జాతికి ఒక్క నమూనాతో సరిపెట్టుకోలేదు. ఒకే కాగితం మీద పొట్టివి, పొడుగువి, వెడల్పాటి ఆకులవి, సన్నాకులవి వరసగా అంటించి, దేన్ని ఎక్కడ తెచ్చారో రాయించాడు. 3,600కు పైగా కాగితాలు, వాటి మీద పదివేలకు పైగా మొక్కలు. తేడా ఎంతవరకు పోతుందో, ఎక్కడ ఆగుతుందో చూడాలన్నది ఆయన ఉద్దేశం. జాతులు మారవనే ఆయన నమ్మకం. మారవని తేల్చడానికే ఈ హద్దుల వెతుకులాట. 1828 నుంచి 1831 దాకా కేంబ్రిడ్జిలో ఉన్న ఒక విద్యార్థి ఈ వెతుకులాట పద్ధతిని నేర్చుకుని, గురువు సిఫారసుతోనే బీగిల్ ఓడ ఎక్కి, గలపగోస్ దీవుల్లో ఏ మొక్క ఏ దీవిదో విడివిడిగా రాసుకున్నాడు. జాతులు మారతాయని చెప్పే ఆయన పుస్తకం 1859లో వచ్చింది. గురువు నమ్మకాన్ని గురువు పద్ధతే పడగొట్టింది. ఆ విద్యార్థి చార్లెస్ డార్విన్. బీగిల్ ప్రయాణంలో ఆయన తెచ్చిన ఎండుమొక్కలు, హెన్స్‌లో కాగితాలు ఇప్పుడు అదే తోటలో 2011లో తెరిచిన సేన్స్‌బరీ ప్రయోగశాల భవనంలో, పది లక్షలకు పైగా ఎండుమొక్కల నమూనాలతో కలిసి ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. డార్విన్ విద్యార్థిగా ఉన్న రోజుల్లో కొత్త తోట ఇంకా లేదు, ఆయన చూసినది ఊరి మధ్యనున్న చిన్న తోటనే. కాబట్టి ఈ పైన్ చెట్ల కిందే పరిణామ సిద్ధాంతం పుట్టిందని చెప్పడం కట్టుకథ అవుతుంది. పుట్టించింది పోలిక అలవాటు. కొత్త తోట ఆ అలవాటును నేల మీద శాశ్వతంగా నిలబెట్టిన రూపం.

బంతిలో కూర్చున్న చుట్టాలు

అదే తోటలో 1845లో మొదటి క్యూరేటర్ ఆండ్రూ మర్రే గీసిన ఒక భాగం ఇంకా అలాగే ఉంది. పైనుంచి చూస్తే కంచెలతో విడదీసిన సుమారు 150 మళ్లు. మధ్యలో గుడ్డు ఆకారపు కంచె లోపల ఏకదళ బీజాలు, అంటే మన వరి, ఉల్లి లాంటివాటి వర్గం. చుట్టూ ద్విదళ బీజాలు, అంటే కంది, మిరప లాంటివాటి వర్గం. ఒక్కో మడిలో ఒక్కో కుటుంబం. స్విట్జర్లాండుకు చెందిన డి కాండోల్ రాసిన వర్గీకరణ గ్రంథాన్ని మర్రే నేల మీద పరిచాడు. పుస్తకంలో ఏ కుటుంబం తర్వాత ఏది వస్తుందో, నడుస్తూ పోతే మళ్లూ అదే వరసలో వస్తాయి.

దీనివల్ల ఒరిగేదేమిటంటారా? పెళ్లిలో బంతిభోజనానికి చుట్టాలంతా వరసగా కూర్చున్నప్పుడు చటుక్కున తెలుస్తుంది, ముత్తాత ముక్కు ఎవరెవరికి వచ్చిందో. వాళ్లనే విడివిడిగా ఎన్నిసార్లు చూసినా ఆ పోలిక తట్టదు. వంగ, టమాటా, మిరప మొక్కలు పెరట్లో తలో మూల ఉంటే కూరగాయలే. ఒకే మడిలో పూతకొచ్చినప్పుడు వాటి పూలు చూడండి. అయిదు రేకులు మొదట్లో కలిసిపోయి నక్షత్రంలా విచ్చుకుంటాయి, మధ్యన పుప్పొడి తిత్తులు గుంపుగా నిలబడతాయి. ఆ బంతిలోనే పొగాకు, ఉమ్మెత్త కూర్చుని ఉంటాయి. విషం ఉన్న ఇంటివాళ్లని తెలిశాక, బంగాళదుంపకు పచ్చదనం వస్తే ఎందుకు తినకూడదో ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

అభ్యంతరం ఇక్కడే వస్తుంది. చుట్టరికాన్ని రూపం చూసి కట్టడం పాత పద్ధతి, డీఎన్ఏ వచ్చాక ఆ బంతులన్నీ తప్పని తేలాయి కదా అంటారు. నిజమే, కొన్ని తేలాయి. తామరనూ కలువనూ శతాబ్దాలపాటు ఒకే కుటుంబంలో కూర్చోబెట్టారు. ఇద్దరూ నీళ్లలో ఉంటారు, ఇద్దరికీ గుండ్రటి ఆకులు, పెద్ద పూలు. డీఎన్ఏ చదివితే కలువ పూల మొక్కల వంశవృక్షంలో ఎక్కడో మొదట్లోనే విడిపోయిన కొమ్మ అని, తామర దగ్గరి బంధువు సిల్వర్ ఓక్ అని తేలింది. అరకు కాఫీ తోటల్లో నీడకోసం పెంచే ఆ సిల్వర్ ఓకే. ఒకే రకం బురదలో బతకడం వల్ల ఒకే వేషం వేసుకున్నారు తప్ప వాళ్లిద్దరిదీ ఒక ఇల్లు కాదు.

కానీ ఈ తీర్పు ఎలా వచ్చిందో చూస్తే అభ్యంతరం బలం తగ్గుతుంది. 1993లో మార్క్ చేజ్‌తో పాటు 41 మంది శాస్త్రజ్ఞులు కలిసి, దాదాపు 500 విత్తన మొక్కల్లో ఒకే జన్యువును చదివి పోల్చారు. పూల మొక్కల చుట్టరికాల్ని తిరగరాసిన పరిశోధన అది. ఇలాంటి పనికి లోకం నలుమూలలా ఉన్న వందల కుటుంబాల నుంచి తాజా ఆకు కావాలి. ప్రతిదాని కోసం అడవులకు పోయివస్తే ఒక జీవితకాలం చాలదు. ఉద్యానాల్లో అవన్నీ కొన్ని అడుగుల దూరంలో ఉంటాయి, పేరు సరైనదని పూచీతో ఉంటాయి. పేరు తప్పుపడ్డ ఆకును చదివిన యంత్రం తప్పు వంశవృక్షాన్నే గీస్తుంది, ఎంత ఖరీదైన యంత్రమైనా.

రెండో సంగతి, చుట్టరికం తెలిసినంత మాత్రాన మొక్క తెలిసినట్టు కాదు. తామర పువ్వు తన వేడిని తానే పుట్టించుకుంటుంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరపు బొటానికల్ గార్డెన్‌లోని తామరల్ని పరిశీలించి రోజర్ సీమోర్ బృందం 1996లో దీన్ని ప్రకటించింది. బయట గాలి 10 డిగ్రీలకు పడిపోయినా పువ్వు లోపల 30 నుంచి 35 డిగ్రీల దగ్గర నిలుపుకుంటోంది. బయట చలి పెరిగేకొద్దీ ఎక్కువ వేడి పుట్టిస్తోంది, జంతువు చేసినట్టే. బతికున్న పువ్వు పక్కన రాత్రంతా ఉష్ణమాపకం పెట్టుకుని కూర్చుంటే తప్ప ఇది బయటపడేది కాదు.

పట్టాలు లేనివాళ్లు

1890ల్లో కేంబ్రిడ్జిలో ఆడవాళ్లు పాఠాలు వినవచ్చు, పరీక్ష రాయవచ్చు, పట్టా మాత్రం లేదు. ప్రయోగశాలల్లోనూ వాళ్లకు చోటు కష్టమే. న్యూన్‌హామ్ కాలేజీకి చెందిన ఎడిత్ రెబెకా సాండర్స్ తన ప్రయోగాలకు విశ్వవిద్యాలయ ఉద్యానంలోని మడిని వాడుకుంది. ఆల్ప్స్ పర్వతాల్లో పెరిగే ఆవ కుటుంబపు చిన్న మొక్క ఒకటుంది, బిస్కుటెల్లా. కొన్నిటి ఆకులకు నూగు ఉంటుంది, కొన్నిటివి నున్నగా ఉంటాయి. రెంటినీ కలిపి విత్తనం కడితే పిల్లమొక్కల్లో నూగు సగం సగం రావాలని అప్పటి అంచనా. వచ్చిన మొక్కల్లో ఎక్కువ భాగం అయితే నూగువి, కాకపోతే నున్నవి. మధ్యరకం బహు కొద్ది. లక్షణం పాలలో నీళ్లలా కలిసిపోకుండా విడిగా ప్రయాణిస్తోందన్నమాట. ఆమె ఈ ఫలితాన్ని అచ్చువేసిన 1897లోనే, ఆడవాళ్లకు పట్టాలివ్వాలన్న ప్రతిపాదనను విశ్వవిద్యాలయం 662కు 1,713 ఓట్లతో ఓడించింది. మూడేళ్లకు, లక్షణాల వారసత్వం మీద మెండెల్ చేసి మరుగునపడ్డ పరిశోధన బయటికొచ్చినప్పుడు, దాన్ని పరీక్షించడానికి సిద్ధంగా మొక్కలూ లెక్కలూ ఉన్న కొద్దిమందిలో ఆమె ఒకతె. విలియం బేట్సన్‌తో కలిసి ఆమె చేసిన పని మీదే బ్రిటన్‌లో జన్యుశాస్త్రం నిలబడింది. తర్వాతి కాలంలో మన దేశానికి వచ్చి స్థిరపడ్డ జె.బి.ఎస్. హాల్డేన్ ఆమెను బ్రిటిష్ వృక్ష జన్యుశాస్త్రానికి తల్లి అన్నాడు. కేంబ్రిడ్జి ఆడవాళ్లకు పట్టాలివ్వడం మొదలుపెట్టింది 1948లో.

దీన్ని ఇక్కడ చెప్పడం న్యాయాన్యాయాల కోసం మాత్రమే అనుకోకూడదు. తోట అనే పరికరానికి ఒక విచిత్ర గుణం ఉంది, దాన్ని వాడడానికి అర్హతాపత్రం అక్కర్లేదు. కళ్లుండాలి, ఓపిక ఉండాలి, రాసిపెట్టే అలవాటు ఉండాలి. అందువల్ల విశ్వవిద్యాలయం ఎవరినైతే బయట నిలబెట్టిందో వాళ్ల పని కూడా శాస్త్రంలోకి ఈ తోవన వచ్చి చేరింది. హెన్స్‌లోకి ఈ సంగతి ముందే తెలుసు. ఆయన 1839 నుంచి చనిపోయిన 1861 దాకా హిచమ్ అనే పల్లెలో చర్చి గురువుగా కాపురమున్నాడు. అక్కడ కూలీల పిల్లలకు, ఎక్కువగా ఆడపిల్లలకు, వారం వారం వృక్షశాస్త్రం చెప్పాడు. పువ్వును విప్పి భాగాలు లెక్కపెట్టించి, ఏ కుటుంబమో వాళ్లచేతే తేల్పించేవాడు. ఆ తరగతిలో చేరాలంటే కొన్ని కష్టమైన వృక్షశాస్త్ర పదాలకు స్పెల్లింగు చెప్పగలగాలి, అదొక్కటే ప్రవేశపరీక్ష. చుట్టుపక్కల రైతుల్ని కూడగట్టి, పశువుల ఎరువులో సారం ఆవిరై పోకుండా ఆపవచ్చా అని ఒకే పద్ధతిలో ఎవరి పొలంలో వాళ్లు పరీక్షించమన్నాడు. దాని గురించి ఆయన రైతులకు రాసిన ఉత్తరాలు 1843లో పుస్తకంగా వచ్చాయి. అదే రైతులు, కూలీలకు పెరటిసాగు కోసం తలో ముక్క నేల ఇద్దామని ఆయన అన్నప్పుడు మాత్రం ఎదురుతిరిగారు. జ్ఞానం పంచితే రాని కోపం భూమి పంచితే వస్తుంది.

ఇప్పటి కేంబ్రిడ్జి తోటలో జనం కోసం జరిగేవాటిలో మొక్కల పండుగ, శరదృతువులో యాపిల్ దినం, వేసవి సాయంత్రాల కచేరీలు, బడిపిల్లలకు పాఠాలు ఉన్నాయి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టలేం. కచేరీకి వచ్చినవాళ్లు వృక్షశాస్త్రం నేర్చుకుపోతారని చెబితే అది వాదన కోసం చెప్పే మాట. గడ్డి నలుగుతుంది, టికెట్ల డబ్బు వస్తుంది, అంతే. యాపిల్ దినం సంగతి వేరు. దుకాణంలో మూడు నాలుగు రకాలకు అలవాటుపడ్డ మనిషి పదుల రకాలను వరసగా రుచిచూస్తాడు. హెన్స్‌లో కాగితం మీద అంటించి చూపినదే ఇక్కడ నాలుక మీదికి వస్తుంది. యాపిల్ గింజ నాటితే తల్లిలాంటి చెట్టు రాదు, అంటు కడితేనే వస్తుంది అన్న సంగతికి ఆ తోటలో ఒక ప్రత్యక్ష నిదర్శనం ఉండేది. న్యూటన్ ఇంటి దగ్గరి చెట్టు నుంచి అంటు పరంపరగా వచ్చిన యాపిల్ చెట్టును అక్కడ 1954లో నాటారు. 2022 ఫిబ్రవరిలో తుపాను గాలికి అది కూలింది. అప్పటికే దాని కొమ్మలతో కొత్త అంట్లు కట్టి ఉంచారు. వాటి డీఎన్ఏ అదే గనుక, ఒక అర్థంలో ఆ చెట్టు కూలనే లేదు.

జనం వస్తే పరిశోధన చెడుతుందన్న అభ్యంతరానికి గట్టి జవాబు పూతకాలాల లెక్కలో ఉంది. ఏ మొక్క ఏ తేదీన మొదట పూసిందో ఏటేటా రాసిపెట్టే ఈ విద్యను ఫినాలజీ అంటారు. బ్రిటన్‌లో 1736లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత తోటమాలులు, బడిపంతుళ్లు, ఊసుపోక రాసుకున్నవాళ్లు కొనసాగించారు. కేంబ్రిడ్జికి చెందిన ఉల్ఫ్ బ్యుంట్‌గెన్ బృందం 406 జాతుల మీద ఇలాంటి నాలుగు లక్షలకు పైగా నమోదులను తీసుకుని లెక్కగట్టి 2022లో ప్రకటించింది. 1753 నుంచి 1986 దాకా ఉన్న సగటుతో పోలిస్తే 1987 నుంచి 2019 దాకా మొదటి పూత నెల రోజులు ముందుకు జరిగింది. ఏ ప్రయోగశాలా మూడు శతాబ్దాలు జీతమిచ్చి ఇన్ని కళ్లను నియమించలేదు. అలాగే కేంబ్రిడ్జి తోటలోని వాతావరణ కేంద్రంలో శతాబ్దానికి పైగా రోజూ కొలతలు రాస్తున్నారు. 2019 జులై 25న అక్కడ 38.7 డిగ్రీలు నమోదైంది. అప్పటికి బ్రిటన్ చరిత్రలోనే అది అత్యధికం. మన విజయవాడ వేసవికి ఆ అంకె నవ్వు తెప్పించవచ్చు. పాత రిజిస్టరు పక్కన పెట్టి చూస్తే నవ్వు రాదు.

తోటకు నీళ్లు చాలా ఖర్చవుతాయన్న అభ్యంతరమూ ఉంది. దానికి జవాబు తోటలోనే పెరుగుతోంది. కేంబ్రిడ్జిలో ఏటా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, మన అనంతపురం సగటుకు దాదాపు సమానం. అక్కడి ఎండ తక్కువ కాబట్టి కరువు కనబడదు గాని, బ్రిటన్‌లో అది పొడిప్రాంతం. అందుకే 1990ల చివర్లో ఒక సాధారణ ఇంటి పెరడంత జాగాలో నీళ్లు పోయకుండా బతికే మొక్కలతో పొడితోట వేశారు. చూసినవాళ్లు దాన్ని ఇంటి దగ్గర వేసుకోవచ్చు, ఉద్దేశమూ అదే.

గోడ దాటిన మొక్క

ఇంతవరకు చెప్పింది తోటకు అనుకూలమైన సాక్ష్యం. వ్యతిరేక సాక్ష్యం కూడా తక్కువేం లేదు. 1621లో పుట్టిన ఆక్స్‌ఫర్డ్ తోటలోకి సిసిలీ అగ్నిపర్వతమైన ఎట్నా వాలుల నుంచి పసుపు పూల రాగ్‌వర్ట్ మొక్క ఒకటి చేరింది, సుమారు 1700 ప్రాంతంలో. ఆ శతాబ్దం ముగిసేలోగా తోట దాటి ఊరి గోడల మీదికి పాకింది. 1844లో రైలు ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చింది. పట్టాల కింద పోసిన బొగ్గు చిట్టెం, కంకర దానికి పుట్టింటి లావా నేలలా తోచి ఉండాలి. రైలుబాట వెంట దేశమంతా పరుచుకుంది. అక్కడి స్థానిక కలుపు గ్రౌండ్‌సెల్‌తో సంకరమై, క్రోమోజోములు రెట్టింపై కొత్త జాతుల్నే పుట్టించింది. వేల్స్‌లో ఒకటి 1948లో, యార్క్ నగరంలో ఇంకొకటి 1979లో కంటపడ్డాయి. ఒక జాతి పుట్టుక మనిషి కళ్ల ముందు జరిగిన అరుదైన సందర్భాలవి. మన దగ్గర ఇలాంటి కథే లాంటానా కంపది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అందం కోసం కలకత్తా ఉద్యానానికి తెచ్చిన ఆ మొక్క నేడు నల్లమలలోనూ చొరబడింది, అక్కడ కొత్త జాతిని కనడం మాట అటుంచి పశువుల మేతను మింగింది. తోటగోడ లోపలిది లోపలే ఉంటుందన్న నమ్మకం చరిత్ర ముందు నిలవదు. తోటలు చేయగలిగింది ఏ మొక్క పాకే రకమో ముందే గమనించి చెప్పడం. పుట్టుచోటు రాసిన రిజిస్టరు లేకపోతే అదీ చేయలేవు. యార్క్‌లో పుట్టిన ఆ కొత్త జాతి ఆనక వీధుల్లో అంతరించింది. కలుపుమందులే కారణమంటారు. ముందుచూపుతో విత్తన బ్యాంకులో దాచిన గింజలతో 2023లో మళ్లీ మొలిపించారు.

ఓడెక్కిన మొక్కల అభ్యంతరం ఇంకా బరువైనది. ఐరోపా ఉద్యానాలు నిండింది ఎవరి అడవుల నుంచి? తెలుగునాట దీనికి సొంత సాక్షి ఉంది. 1781 నుంచి పన్నెండేళ్లు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఆ కంపెనీ తోట నడిపాడు. మిరియాలు, కాఫీ లాంటివి పెంచి చూశాడు, చుట్టుపక్కల మొక్కల్ని బొమ్మలు గీయించాడు, వాటి తెలుగు పేర్లు రాసుకున్నాడు. 1795 నుంచి లండన్‌లో అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో 300 చిత్రాలున్నాయి. పేర్లు చెప్పినవాళ్లు ఇక్కడివాళ్లు, బొమ్మలు గీసినవాళ్లు ఇక్కడి చిత్రకారులు. రచయితగా పేరు మాత్రం ఆయన ఒక్కడిదే. ఆ పుస్తకం శాస్త్రానికి ఉపకారం చేసిందనడానికి సందేహం లేదు. ఉపకారం ఒక దిక్కుకే ప్రవహించిందనడానికీ సందేహం లేదు.

1993 డిసెంబరులో అమల్లోకి వచ్చిన జీవవైవిధ్య ఒప్పందం ఏ దేశపు మొక్క మీద ఆ దేశానికే హక్కని ఒప్పుకుంది. అప్పటి నుంచి విత్తనం సరిహద్దు దాటడానికి కాగితాలు కావాలి. ఉద్యానాలవాళ్లు దీన్ని ఇబ్బందిగా చెబుతారు, వాళ్ల బాధలో కొంత నిజం ఉంది. అంతరించిపోయే మొక్కకు ఫైలు కదిలేదాకా ఆగే తీరిక ఉండదు. అయితే లోపం వేరేచోట కూడా ఉందని కేంబ్రిడ్జి తోట పరిశోధకులే చూపించారు. 1,116 తోటల రికార్డులను పరిశీలించి 2017లో వాళ్లు ప్రకటించిన లెక్క ప్రకారం లోకంలో తెలిసిన మొక్క జాతుల్లో కనీసం 30 శాతం, ప్రమాదంలో ఉన్న జాతుల్లో 41 శాతం ఏదో ఒక ఉద్యానంలో ఉన్నాయి. ఉన్న జాతుల్లో 93 శాతం ఉత్తరార్ధగోళపు తోటల్లో ఉన్నాయి, లేనివాటిలో నాలుగింట మూడు వంతులు ఉష్ణమండలానివి. చలిదేశంలో ఉష్ణమండలపు చెట్టును పెంచాలంటే గాజు మేడ కట్టి, ఏడాదంతా వేడి కాయాలి. అదే చెట్టు మన నేల మీద ఆకాశం కింద పెరుగుతుంది.

అంటే ఆ లోటు తీర్చాల్సినవి ఉష్ణమండలపు విశ్వవిద్యాలయాలే. ఎర్రచందనం సంగతే తీసుకోండి. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది ముఖ్యంగా శేషాచలం, వెలిగొండ, పాలకొండ, నల్లమల కొండల్లో, వాటి చుట్టుపక్కల. హెన్స్‌లో పాఠం ప్రకారం క్యాంపస్‌లో ఒక ఎర్రచందనం చెట్టు ఉంటే చాలదు, ప్రతి కొండ నుంచి పదుల మొక్కలు పక్కపక్కన ఉండాలి, ఏది ఏ వాగు ఒడ్డుదో రాసి ఉండాలి. అప్పుడే ఎండకు ఏ కొండది ఓర్చుకుంటుందో, చేవ దేనికి త్వరగా ఎక్కుతుందో పోల్చవచ్చు. చుట్టుపక్కల బడుల పిల్లలు వేప, రేల, మోదుగ ఏ తేదీన పూశాయో రాయగలరు. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో కేరళ బడిపిల్లలు ఈ పని చేస్తూనే ఉన్నారు. మొక్కలు నాటడానికి మన దగ్గర ఉత్సాహానికి కొదవ లేదు, నాటిన రోజు ఫొటోలూ ఉంటాయి. నిధులు అడిగే ప్రతిపాదనల్లో గోతులకు, కంచెకు, బోరుకు, బోర్డుకు పద్దు రాస్తారు. రిజిస్టరు రాసే ఉద్యోగికి, అతను రిటైరయ్యాక ఆ కుర్చీలో కూర్చునే మనిషికి కూడా పద్దు రాస్తే, పోలిక కోసం నాటిన ఆ మొక్కలు ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఏ కొండవో తెలిసి ఉంటాయి.